బ్యాటరీని పడకగదికి తరిమినది ఎవరు?



ప్రభుత్వ ఆసుపత్రి ఉద్యోగం నుండి విరమించి పదిహేనేండ్లు దాటినా, ఇరుగుపొరుగుల దృష్టిలో నేను ఇంకా డ్యూటీలోనే ఉన్నాను. పసిబిడ్డకు జ్వరం వచ్చినా, పెద్దాయనకు కాళ్ళు వాచినా ముందుగా మా తలుపే తడతారు. గడచిన వర్షాకాలంలో ఒక రాత్రి ఆ విధంగానే మా అపార్ట్‌మెంటు డాబా మీద రేకులతో వేసిన ఒంటిగదికి వెళ్ళవలసి వచ్చినది. అందులో అద్దెకుంటున్న యువకుడు ఇంటింటికీ భోజనం పొట్లాలు చేరవేసే ఉద్యోగి. ఎనిమిది నెలల పాపకు జ్వరం. పరీక్షించి, మందు వ్రాసి లేవబోతుండగా, ఊయల ప్రక్కన నేలమీద చిన్న ఆకుపచ్చ దీపం కనిపించినది. స్కూటరు బ్యాటరీ ఛార్జింగులో ఉన్నది. దానిని ఆనుకొని దుప్పట్ల మూట. గదికి ఉన్నది ఒక్కటే తలుపు. ఆ తలుపుకూ ఊయలకూ నడుమ ఆ బ్యాటరీ!

"బాబూ, దీనిని క్రింద పార్కింగులో పెట్టుకోరాదా?" అని అడిగాను.

"క్రింద పెట్టొద్దని కాగితం అంటించిన్రు కద సార్. అందుల మీ సంతకం గూడ ఉన్నది" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. ఉన్న మాట అన్నాడు.

అది నిజమే. అంతకు రెండు మాసాల క్రితం మా సంఘం సమావేశంలో, పార్కింగు స్థలంలో విద్యుత్ వాహనాలకు ఛార్జింగు పెట్టరాదని తీర్మానించాము. "అంటుకుంటే బాధ్యత ఎవరిదండీ, డాక్టరుగారూ?" అని కార్యదర్శి అడిగినప్పుడు నావద్ద జవాబు లేకపోయినది. సంతకం చేశాను. ప్రమాదాన్ని నివారించామనుకున్నాను. మేము చేసినదల్లా ప్రమాదాన్ని నేలమీది నుండి ఐదంతస్తుల పైకి, పసిపిల్ల ప్రక్కకు తరిమివేయడం.

ఈ వ్యాసం ఆ సంతకానికి ప్రాయశ్చిత్తమని అనుకోండి. అయితే తప్పు మా సంఘానిది మాత్రమే కాదు. మా వంటి సంఘాలకు ఇంత పెద్ద నిర్ణయాన్ని వదలివేసి, తాము చేతులు కట్టుకొని కూర్చున్న నగరపాలక సంస్థలది అంతకంటె పెద్ద తప్పు. విద్యుత్ వాహనం ఎక్కడ ఛార్జింగు కావాలన్నది రవాణా శాఖకో, వాహన వ్యాపారులకో సంబంధించిన విషయమని మనం భావిస్తున్నాము. నా దృష్టిలో అది మంచినీటి కుళాయి, మురుగు కాలువ వలె ప్రజారోగ్య విషయం. కుళాయిని వీధిలో ఎక్కడ వేయాలో వాడకట్టు పెద్దలు చీట్లు వేసి తేల్చుకోవాలని ఏ పురపాలక సంఘమూ అనదు గదా!

ముందుగా ఒక అపోహను తొలగించనివ్వండి. నేను విద్యుత్ వాహనాలకు వ్యతిరేకిని కాను. నాలుగు కూడళ్ళ మధ్య ట్రాఫిక్ పోలీసులకూ, రోడ్డుప్రక్క బండివారికీ వచ్చే ఆయాసాన్ని ఏళ్ళ తరబడి చూసినవాడిని. గాలిలోని సూక్ష్మ ధూళికణాలు ఏడాది సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది. మన దేశపు పరిమితి 40. పొగగొట్టం లేని బండి ప్రతి ఒక్కటీ నా వంటి వైద్యునికి ఆనందదాయకమే. (టైర్ల అరుగుదల వలన లేచే ధూళి దీనితో పోదు; అది వేరొక వ్యాసం.) కనుకనే, ఈ మంచి మార్పు పడకగదుల్లో మంటలతో అప్రతిష్ఠ పాలుకావడం నాకు సహించరానిది.

2022వ సంవత్సరాన్ని గుర్తు చేసుకోండి. మార్చిలో తమిళనాడులోని వెల్లూరులో, ఇంటివద్ద ఛార్జింగులో ఉన్న స్కూటరు నుండి వెలువడిన పొగకు తండ్రీ కూతురూ ఊపిరాడక మరణించారు. ఏప్రిల్‌లో నిజామాబాదులో ఇంటిలో ఛార్జింగుకు పెట్టిన బ్యాటరీ పేలి ఎనభై ఏండ్ల వృద్ధుడు మరణించాడు. కొద్ది రోజులకే విజయవాడలో పడకగదిలో బ్యాటరీ పేలి ఒక గృహస్థు మరణించాడు. భార్య తీవ్రంగా గాయపడినది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ రోడ్డు మీద జరగలేదని గమనించండి. ఆ తరువాత కేంద్రం బ్యాటరీల భద్రతా ప్రమాణాలను 2022 డిసెంబరు నుండి కఠినతరం చేసినది. సంతోషం. బ్యాటరీ ఎట్లా ఉండాలో చెప్పారు. కాని అది ఎక్కడ ఉండాలన్న మాట ఆ ప్రమాణాల పరిధిలోకి రాదు.

అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాదులో జరిగిన ఘోరం ఆ 'ఎక్కడ' అన్న మాటకు అర్థం చెప్పినది. భవనం క్రిందిభాగంలో విద్యుత్ స్కూటర్ల షోరూము. పై అంతస్తుల్లో లాడ్జి. నిప్పు క్రింద పుట్టినది. పొగ మెట్లదారి పట్టుకొని పైకి ఎగబ్రాకినది. ఎనిమిది మంది బలి అయ్యారు. నిప్పు ఏ తీగలో పుట్టిందన్నది దర్యాప్తు వారి విషయం. మెట్లదారి పొగగొట్టంగా మారిందన్నది మాత్రం కట్టడపు విషయం, ప్రణాళిక విషయం.

వైద్యునిగా ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చెప్పవలసినది ఉన్నది. అగ్నిప్రమాదాల్లో మంటకంటె ముందు పొగ చంపుతుంది. ఒంటిమీద బొబ్బ అయినా లేని మృతదేహాలను నేను శవపరీక్ష గదిలో చూశాను. కార్బన్ మోనాక్సైడ్‌కు మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకునే శక్తి ప్రాణవాయువు కంటె రెండువందల రెట్లకు పైబడి ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాడు మేల్కొనకుండానే స్పృహ కోల్పోతాడు. లిథియం బ్యాటరీ రగిలినప్పుడు దీనికి తోడు హైడ్రోజన్ ఫ్లోరైడ్ వాయువు కూడ వెలువడుతుంది. అది ఊపిరితిత్తుల లోపలి పొరను కాల్చి, కొన్ని గంటల తరువాత కూడ నీరు చేరేట్లు చేయగలదు. ఒక గది వేడెక్కితే ప్రక్క గదిని అంటించే కణాల పెట్టె అది. పైకి ఆరినట్లు కనిపించి మళ్ళీ రగులుకుంటుంది. పుష్కలంగా నీరు పోసి చల్లార్చవలసిన వస్తువును, ఒక్క తలుపు ఉన్న గదిలో, ఆ తలుపుకు అడ్డంగా పెట్టుకొని నిద్రపోతున్నాము.

"పెట్రోలు బండ్లు అంటుకోవడం లేదా?" అని కొందరు మిత్రులు వాదిస్తారు. అంటుకుంటాయి. కాని పెట్రోలు ట్యాంకును విప్పి మంచం క్రింద పెట్టుకొని పడుకునేవాడిని నేనింతవరకు చూడలేదు.

ఇప్పుడు మన విధానాలను చూడండి. కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల ప్రకారం నగరాల్లో ప్రతి 3 కిలోమీటర్లు పొడవు, 3 కిలోమీటర్లు వెడల్పు గల గడికి కనీసం ఒక ఛార్జింగు కేంద్రం ఉండాలి. అప్పటి గ్రేటర్ హైదరాబాదు వైశాల్యం సుమారు 650 చదరపు కిలోమీటర్లు. లెక్క వేయండి: సుమారు 72 కేంద్రాలు పెడితే నియమం నెరవేరినట్లే! 2011 జనాభా లెక్కల నాటికే 67 లక్షల మంది ఉన్న నగరమది. 2024లో ఈ గడిని 2030 నాటికి కిలోమీటరుకు కుదించాలన్నారు. మెరుగే. అయినా రాత్రి పదకొండు గంటలకు పని ముగించుకొని వచ్చిన యువకుడు బండిని అరకిలోమీటరు అవతల వదలి, మూడు నాలుగు గంటలు అక్కడే కాపలా కాయగలడా? ఈ గడుల లెక్క కార్లను తలచుకొని వేసినది. మన దేశంలో అమ్ముడవుతున్న విద్యుత్ వాహనాల్లో అత్యధిక భాగం రెండు చక్రాలవి, మూడు చక్రాలవి.

ఇక భవనాల సంగతి. 2019లో కేంద్రం నమూనా భవన నిబంధనలను సవరించి, పార్కింగు సామర్థ్యంలో 20 శాతం విద్యుత్ వాహనాలకు అనువుగా ఉండాలన్నది. నమూనా అన్న మాటలోనే ఉన్నది, రాష్ట్రం స్వీకరిస్తేనే దానికి బలం. అదీ కొత్త కట్టడాలకు. ఇరవై ఏండ్ల క్రితం కట్టిన మా అపార్ట్‌మెంటు వంటి వాటికి దిక్కెవరు? మన ఊళ్ళలోని స్తంభాల మీది అపార్ట్‌మెంట్లను ఒక్కసారి పరికించండి. క్రింద పార్కింగు. దాని నడిబొడ్డునుండి పైకి లేచే ఏకైక మెట్లదారి. ఆ మెట్ల క్రిందనే అందరి కరెంటు మీటర్ల బోర్డు. మీటరు దగ్గర అన్న సాకుతో, ఎవరైనా ఛార్జింగు ప్లగ్గు బిగించేది సరిగ్గా అక్కడే! సికింద్రాబాదులో పొగ పట్టినది కూడ మెట్లదారినే. 18 మీటర్ల కంటె ఎత్తైన నివాస భవనాలకే అగ్నిమాపక శాఖ అనుమతి అవసరం. మన ఐదంతస్తుల వాటిలో చాలా భాగం ఆ గీతకు దిగువనే నిలుస్తాయి. వాటిని చూసిపోయే అధికారి లేడు.

సొంత ఇల్లు, పోర్టికో ఉన్నవారికి ఈ సమస్య లేదు. గోడకు ఒక ప్లగ్గు బిగించుకుంటారు, బయటి గాలిలో బండి నిలుపుకుంటారు. సమస్య అద్దె గదులవారిది. బండిమీదనే కూడు సంపాదించుకునేవారిది. ప్రైవేటు సంస్థలు పెడతాయి గదా అంటారా? అవి పెడుతున్నవి మాల్స్‌లో, రహదారి హోటళ్ళ ఎదుట. లాభం ఉన్నచోట పెట్టడం వారి ధర్మం. లాభం లేనిచోట పెట్టడం కోసమే గదా మనం ఇంటిపన్ను కడుతున్నది!

నేను జిల్లా ఆసుపత్రిలో పనిచేసిన రోజుల్లో కాలిన గాయాల వార్డు పంపు స్టవ్వులు పేలిన ఆడవారితో నిండి ఉండేది. తరువాత గ్యాసు వచ్చినది. గ్యాసంటే జనం ఎంత భయపడ్డారో నా వయసువారికి గుర్తుండే ఉంటుంది. ఆనాడు గ్యాసును ఇంటిలోకి రానివ్వబోమని తీర్మానాలు చేసి ఊరుకోలేదు. కనెక్షను ఇచ్చేముందు మనిషి వచ్చి వంటగది చూసేవాడు. సిలిండరు నిలువుగా ఉండాలి, పొయ్యి దానికంటె ఎత్తున గట్టుమీద ఉండాలి, గాలి ఆడాలి, గొట్టం మార్చుకోవాలి అని చెప్పి, పుస్తకంలో వ్రాసి వెళ్ళేవాడు. ప్రమాదకరమైన వస్తువుకు ఇంట్లో ఒక చోటు నిర్ణయించడం అంటే అది. బ్యాటరీకి అటువంటి మనిషి ఎవరూ రాలేదు. ఇంట్లో ఉన్న కనెక్షనుతోనే ఛార్జింగు చేసుకోవచ్చని 2022 మార్గదర్శకాలు అనుమతి ఇచ్చాయి. ఆ ఇంట్లో ఏ మూల అన్నది చూసి చెప్పే మనిషిని పంపలేదు.

చేయలేని పని ఏమీ కాదిది. కేరళ విద్యుత్ బోర్డు 2021లో కోళికోడ్‌లో ఆటోల కోసం వీధి కరెంటు స్తంభాలకే ఛార్జింగు పెట్టెలు బిగించి చూసినది. తరువాత వాటిని రాష్ట్రంలోని 140 శాసనసభ నియోజకవర్గాలకూ విస్తరించినది. ఆటోవాడు స్తంభం ప్రక్క నిలిపి, ఫోనుతో డబ్బు కట్టి, టీ త్రాగి వస్తాడు. భారతీయ ప్రమాణాల సంస్థ కూడ 2021లోనే చిన్న వాహనాలకై 3 కిలోవాట్ల వరకు ఇచ్చే చవక ఛార్జింగు పెట్టెకు ప్రమాణం నిర్ణయించినది. 3,500 రూపాయలకు అందించాలన్నది అప్పటి లక్ష్యం. ఒక ఫ్లెక్సీ ఖర్చు! వీధికి రెండు స్తంభాలకు బిగించలేని దారిద్ర్యంలో మన నగరాలు లేవు. ఫుట్‌పాత్ ఆక్రమణ అవుతుందని ఒక అధికారి నాతో అన్నారు. ఆయన కార్యాలయం ఎదుటి ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరు, రెండు హోర్డింగులు, ఒక సీజు చేసిన జీపు ఉన్నవి.

వార్డు కార్యాలయం చేయవలసిన పని నా దృష్టిలో ఇది: ఏ వీధిలో ఎన్ని విద్యుత్ బండ్లు ఉన్నాయో, అందులో సొంత పార్కింగు లేనివారెవరో ఒక పటం గీయాలి. ఆ పటం ప్రకారం స్తంభాలు ఎంపిక చేయాలి. పాత అపార్ట్‌మెంట్లలో మెట్లకూ, లిఫ్టుకూ, మీటర్ల బోర్డుకూ దూరంగా, ప్రహరీ వైపు ఛార్జింగు చోటును అధికారి వచ్చి సుద్దతో గీసి చూపాలి. ఆ చోటు చూపిన తరువాత సంఘమో, ఇంటి యజమానో కాదనడానికి వీలు ఉండరాదు. కొత్త భవనం నక్షాలో ఆ చోటు లేకుంటే అనుమతి ఇవ్వరాదు.

అంతవరకు మీ ఇంట్లో చేయగలిగినవి చెబుతాను. బ్యాటరీని నిద్రపోయే గదిలో, బయటకు పోయే దారిలో పెట్టకండి. దుప్పట్లు, సోఫాలు, కాగితాలు దగ్గర ఉండరాదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడకండి. ఎర్తింగు ఉన్న విడి లైను, దానికి 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపివేసే బ్రేకరు పెట్టించండి. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టకండి, చల్లారనివ్వండి. బండితో వచ్చిన ఛార్జరే వాడండి. ఉబ్బినా, క్రిందపడి దెబ్బతిన్నా, నీట మునిగినా ఆ బ్యాటరీని ఇంటిలోకి తేకండి. పొగ కనిపిస్తే ఆర్పే ప్రయత్నం వద్దు. మనుషులను బయటకు తెచ్చి, తలుపు మూసి, 101కు ఫోను చేయండి.

మా తీర్మానం సంగతి చెప్పలేదు. ఆ మరునాడే కార్యదర్శిగారి ఇంటికి వెళ్ళి నా సంతకం వెనక్కు తీసుకుంటున్నానని చెప్పాను. వాదన జరిగినది. పాప ఊయల సంగతి చెప్పిన తరువాత ఆయన మాట్లాడలేదు. ఇప్పుడు ప్రహరీ గోడకు, గేటు ప్రక్కన, చిన్న రేకు పందిరి క్రింద నాలుగు ప్లగ్గులు ఉన్నవి. వేరే మీటరు ఉన్నది. ఎవరి యూనిట్లకు వారు చెల్లిస్తున్నారు. డాబా మీది యువకుడు రాత్రి బండిని అక్కడే నిలుపుతున్నాడు. వీధిలోని మిగతా ఇళ్ళవారి కోసం రెండు స్తంభాలు కోరుతూ వార్డు కార్యాలయానికి అర్జీ ఇచ్చాను. ముట్టినట్లు ముద్ర వేసి ఇచ్చారు. నాలుగు నెలలైనది, వచ్చే సోమవారం మళ్ళీ వెళ్తున్నాను.