ఉస్తాద్ చెప్పింది గాజు కాలం మాట

వింజమూరులో ఏ షెడ్డుకైనా పోయి, హెడ్‌లైటు మీద పెయింటు పడిందని చెప్పండి. జవాబు ఒకటే. "థిన్నర్ కొట్టు భాయ్, పోతాది." ఎందుకట్లా అంటే రెండో జవాబూ ఒకటే. "మా ఉస్తాద్ అట్టనే చేసేవోడు."

ఉస్తాద్ అంటే నాకూ ఇజ్జతే. కానీ ఆయన చేతికొచ్చిన బండ్ల లైట్లు గాజువి. 1971 యుద్ధం బ్లాకౌట్‌లో చాలా ఊళ్లల్లో హెడ్‌లైట్ల పైసగానికి నల్లరంగు పూశారు. తర్వాత కూడా ఎదుటి డ్రైవర్ కళ్లల్లో వెలుగు కొట్టకూడదని పోలీసోళ్లు లైట్ల మీద నల్లరంగు పెట్టించేవాళ్లు. ఆ రంగును బ్లేడుతో గీకినా, థిన్నర్‌తో కడిగినా గాజుకు నుక్సాన్ లేదు. ఆ కాలానికి ఆయన మాట సహీ.

ఇప్పటి కార్ల లైట్లు పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. దాని మీద ఎండ నుంచీ గీతల నుంచీ కాపాడే పల్చటి పూత ఉంటుంది. థిన్నర్‌లో ఉండే టొలీన్, అసిటోన్ లాంటివి ప్లాస్టిక్‌నే తినేస్తాయి. లైటు తెల్లబారుతుంది, వెంట్రుకల్లాంటి చీలికలొస్తాయి. లోపలికి దిగిన చీలిక ఏ పాలిష్‌కూ పోదు. పెట్రోలూ దానికి దుష్మనే. రాత్రిపూట పిల్లాజెల్లాతో ఏఎస్ పేట గంధానికి పోయేటప్పుడు ఆ మసక లైటు దారి సరిగ్గా చూపదు. వెలుగంతా చెదిరి ఎదుటివాడి కళ్లల్లో పడుతుంది. ఇది జాన్‌తో ఆట.

మరి తరీఖా ఏంది? బండిని నీడలో పెట్టి, లైటు చల్లారనివ్వండి. సబ్బునీళ్లతో దుమ్ము పూర్తిగా కడగండి. వేడినీళ్లలో ముంచిన గుడ్డ కాసేపు అదిమి, మెత్తబడిన పెయింటును గోటితోనో, మెత్తటి గుడ్డ చుట్టిన పాత ఏటీఎం కార్డు అంచుతోనో లేపండి. ఇంకా మిగిలితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. పేరు చూసి తౌబా అనకండి, ఇది తాగేది కాదు. ముందు ఒక మూల పరీక్షించండి. పోయకుండా, మెత్తటి గుడ్డకు కొంచెం తడిపి, తుడిచి, వెంటనే నీళ్లతో కడగండి. బీడీ దూరంగా పెట్టండి, అంటుకుంటుంది. స్ప్రే తుంపరలైతే సబ్బునీళ్లు చల్లి క్లే బార్‌తో రుద్దితే వస్తాయి. వాటర్ పేపర్ ఆఖరి మాట. అది ఆ పూతను కూడా లాగేస్తుంది, మళ్లీ పూత వెయ్యకపోతే ఎండకు లైటు పసుపు తిరుగుతుంది. అన్నిటికంటే ఆసాన్ పని ఇంకోటుంది. స్ప్రే పట్టకముందే లైటుకు టేపూ, పాత పేపరూ అంటించడం.

ఇంత చిన్న సంగతి షెడ్డు దాకా ఎందుకు రాలేదు? నా గొడవంతా ఇక్కడే. మన ఇళ్లల్లో ఇల్మ్‌నూ హునర్‌నూ తక్సీమ్ చేసి పెట్టుకున్నాం. చదువొచ్చినోడు కాలేజీకి, రానోడు షెడ్డుకు. డబ్బా మీద హెచ్చరిక ఇంగ్లీషులో ఉంటుంది. ఉర్దూ మీడియం అయిదో క్లాసులో ఆగిపోయిన పిల్లోడు దాన్ని చదవలేడు. కెమిస్ట్రీలో డిగ్రీ చేసిన అతని ఖాలా కొడుకు చదవగలడు, కానీ షెడ్డు గడప తొక్కడు. పెయింటర్ కుర్రాడి రిష్తా వస్తే మొహం తిప్పుకునేదీ మనమే, కారుకు గీత పడితే అతని దగ్గరికి ఉరికేదీ మనమే. లైటు పాడైతే "అన్‌పడ్" అని తిట్టేది కూడా మనమే. అతన్ని అన్‌పడ్ చేసిందెవరు మియా?

షెడ్డువాళ్లకూ ఒక మాట. ఫిఖ్‌లో తఖ్లీద్ సంగతి ఉలమా చూసుకుంటారు. షెడ్డులో తఖ్లీద్ మాత్రం మీ రోజీని మీరే తినేసుకోవడం. గిరాకీ వదిలిపోయిన బండి మీ దగ్గర అమానత్. ఒక్క లైటు మార్చాలంటే వేలల్లో ఖర్చు, అది మీ కూలీలోంచే పోతుంది.

జుమ్మా తర్వాత మసీదు ముందు గంటసేపు రాజకీయాలు మాట్లాడతాం గదా. అందులో పది నిమిషాలు తగ్గించి, చదువుకున్న పిల్లల్ని షెడ్డుకు పంపండి. ఆ డబ్బా మీద ఏముందో చదివి తెలుగులోనో ఉర్దూలోనో చెప్పి రమ్మనండి. వచ్చేటప్పుడు, చేతిపని ఎట్లా ఉంటదో ఆ కుర్రాడి దగ్గర నేర్చుకుని రమ్మనండి.