చలికాలపు ఢిల్లీ

ఉత్తరదేశ యాత్ర అనగానే మనవారు వేసవి సెలవుల కోసం ఎదురుచూస్తారు. మా అభిప్రాయం దీనికి భిన్నమైనది. ఢిల్లీ నగరాన్ని చూడవలసినది జనవరి మాసంలోనే.

మే నెల మధ్యాహ్నం జామా మసీదు ఆవరణలో వట్టి కాళ్ళతో నిలువలేము. జనవరిలో అదే రాతినేలపై నీరెండ కాగుతూ ఎంతసేపైనా కూర్చోవచ్చు. 1656లో పూర్తయిన ఆ మసీదు గుమ్మటాలు ఉదయపు పొగమంచులోనుండి మెల్లమెల్లగా రూపు దాల్చడం కన్నులపండువ. సమీపపు వీధులలోని వేడి నిహారీ, ఎర్ర క్యారెట్ హల్వా, పాలనురుగుతో చేసే దౌలత్ కీ చాట్ చలికాలం ప్రసాదించే రుచులు. బల్లీమారాన్‌లో గాలిబ్ నివసించిన ఇంటిముందు నిలిచినప్పుడు, 1700లో దక్కను నుండి ఢిల్లీ చేరి అక్కడి కవులను ఉర్దూ గజల్ వైపు మళ్ళించిన వలీ స్మరణకు వస్తాడు. ఆ బాట మనకు పరాయిది కాదు.

మంచువల్ల రైళ్ళు ఆలస్యమవుతాయి, నిజమే. పొగ కలిసిన గాలి ఉబ్బసరోగులకు హానికరం. అట్టివారు వైద్యుని సలహా పొందాలి. అంతకంటె ముఖ్యమైన మాట మరొకటి ఉన్నది. మనం రజాయిలో ముడుచుకొని సుఖించే రాత్రే, కాలిబాటపై చితుకుల మంట చుట్టూ తెల్లవారుటకై వేచియుండే నిరుపేదలున్నారు. ప్రభుత్వపు రాత్రి వసతి గృహాలు ఉన్నా, అందరూ వాటిని చేరుకోలేరు. చలిని వేడుకగా చూసే కన్ను వారినీ చూడాలి. వెళ్ళేటప్పుడు ఒక కంబళి అదనంగా తీసుకొనిపోయి, వచ్చేటప్పుడు అక్కడ ఒకరికి కప్పి రాగలిగితే మన విహారం సార్థకమవుతుంది.