నేలకును ఖాతా పుస్తకము కావలెను

మన సహకార సంఘములలో ప్రతి సభ్యునకును ఒక ఖాతా కలదు. ఎంత అప్పు తీసికొనెనో, ఎంత చెల్లించెనో అందు వ్రాయబడును. కాని ఆ అప్పు తీర్చవలసిన నేలకు మాత్రము ఖాతా లేదు. ఏటేట దానినుండి మనము తీసికొన్న దెంత, తిరిగి యిచ్చిన దెంత అను లెక్క యెవరును వ్రాయుట లేదు. మన నష్టములకు ఈ లోపము ఒక ముఖ్యకారణమని నా యభిప్రాయము.

ఈ విషయమున తేయాకు తోటలవారినుండి మనము నేర్చుకొనదగినది కలదు. విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి పూర్వము అనేకులు కూలికై అస్సాము తోటలకు పోయిరి. వారి సంతతివారు నేటికిని అచ్చట నున్నారు. కనుక ఆ పైరు మనకు బొత్తిగా పరాయిది కాదు. తేయాకు మొక్క నాటిన పిదప ఏబది యేండ్లు ఒకే చోట నిలుచును. కోతకాలమున వారము పది దినముల కొకసారి చిగురు గిల్లుదురు. నూరు కిలోల తయారైన తేయాకుతో సుమారు 4 కిలోల నత్రజని తోట విడిచిపోవును. కావున నత్రజని ఎరువు వేయక తప్పదు. కాని అమ్మోనియం సల్ఫేటు, యూరియా ఏండ్ల తరబడి వేసినచో నేల పులుపు హెచ్చును. తేయాకునకు పులుపు నేలయే హితము. ఉదజని సూచిక 4.5 మొదలు 5.5 వరకు ఉండుట మేలు. అది 4కు దిగజారినచో భాస్వరము ఇనుముతోను, అల్యూమినియముతోను కలిసి వేరున కందకుండును. ఆకు మాత్రము కొంతకాలము పచ్చగానే యుండును! ఈ మోసమును కనిపెట్టుటకే కొమ్మలు కత్తిరించు ఏట, ఎరువు వేయకముందు, పైమట్టిని అడుగుమట్టిని వేరువేరుగా తీసి పరీక్షింతురు. అవసరమైనచో డోలమైటు చల్లుదురు. ఇట్టి పనులకై జోర్హాటు కడ తోక్లాయి పరిశోధన కేంద్రము 1911లోనే నెలకొన్నది.

మనమో పైరు రంగు చూచి ఎరువు వేయుదుము. నేనును ఈ తప్పు చేసినవాడనే. ఉద్యోగపు తొలిదినములలో ఒక రైతు వరిచేను గిడసబారి, ఆకులపై తుప్పురంగు మచ్చలు పడగా, మరియొక బస్తా యూరియా వేయుమంటిని. పైరు కోలుకొనలేదు. తరువాత మట్టి పరీక్షింపగా కొరత జింకుదని తేలినది. ఆ బస్తా అప్పుమీద తెచ్చినది. నా మాటకు వడ్డీ కట్టినవాడు ఆ రైతు.

"భూసార పత్రము మాకు ఇదివరకే వచ్చినది గదా" అని కొందరు అందురు. 2015లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన ఆ పథకము మంచిదే. అయితే తొలి విడతలలో నీటిపారుదల భూములందు రెండున్నర హెక్టారులకును, మెట్టయందు పది హెక్టారులకును ఒక్కొక్క నమూనా తీయుట నియమము. అట్టి పత్రము ఆ చుట్టుపట్ల నేల తీరు తెలుపును గాని, మీ మడి గుట్టు తెలుపజాలదు.

మీ మడి మట్టిని మీరే తీయుడు. పంట కోసిన పిదప, ఎరువు వేయక పూర్వము, పొలమున వంకరటింకరగా నడచుచు పది పదునైదు చోట్ల ఆరంగుళముల లోతున మట్టి గీయుడు. గట్లకడను, చెట్లక్రిందను, పెంటకుప్ప చేరువను తీయకుడు. అంతయు కలిపి నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు పాళ్లు రెండు పారవేయుచు, అరకిలో మిగిలించి నీడ నారబెట్టుడు. ఎరువు సంచిలో మాత్రము పోయకుడు, పరీక్ష తప్పగును.

సంఘముల పాలకవర్గములకు నా మనవి యొక్కటే. వేసవిలో సభ్యుల నమూనాలు ప్రోగుచేసి పరీక్షకు పంపుడు. వచ్చిన అంకెలను అప్పు ఖాతా ప్రక్కనే వ్రాసి, ఎరువు అప్పు వాని ననుసరించి యిండు. బస్తాల అమ్మకము తగ్గునని జంకవలదు. సభ్యునకు అక్కరలేని బస్తా అమ్మి గడించిన లాభము బాకీగా మారి మరల సంఘముమీదనే పడును. నేల నిలిచిననే రైతు నిలుచును; రైతు నిలిచిననే సంఘము నిలుచును.