ఎద్దు – ఎడ్లు, ఆక్స్ – ఆక్సెన్



శివరాత్రి సెలవుల తర్వాత నాలుగో తరగతి పిల్లల్ని కోటప్పకొండ తిరునాళ్ల గురించి ఇంగ్లీషులో రాయమన్నాను. ఒకబ్బాయి ప్రభల గురించి, జనం గురించి పేజీ నిండా రాశాడు. మధ్యలో ‘టూ ఆక్సెస్’ అని, ‘మెనీ చైల్డ్స్’ అని ఉంది. ఎర్ర సిరాతో గీసి పంపాను. మర్నాడు వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. “ఇంత ఫీజు కట్టి చదివిస్తుంటే ఈ మాత్రం రాకపోతే ఎలాగండీ? రాత్రి యాభై సార్లు రాయించాను” అన్నారు.

తర్వాతి వారం ఆ పిల్లాడి నోట్‌బుక్కులో ఒక్క తప్పూ లేదు. రాసింది రెండే వాక్యాలు. ఒక చెట్టు, ఒక కుక్క. రెండోది ఏదీ రాకుండా జాగ్రత్తపడ్డాడు.

వాడు ఇంగ్లీషు రాక ‘ఆక్సెస్’ అనలేదండీ. వచ్చింది కాబట్టే అన్నాడు. ఆ మాట వాడికి ఏ టీచరూ నేర్పలేదు. బాక్స్ బాక్సెస్ అయితే ఆక్స్ కూడా అలాగే కావాలని సొంతంగా కట్టుకున్నాడు. 1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు, లోకంలో లేని ఒక పక్షి బొమ్మ చూపించి దాని పేరు ‘వగ్’ అని చెప్పి, రెండుంటే ఏమంటారని చిన్నపిల్లల్ని అడిగారు. ఎన్నడూ వినని మాటకు కూడా పిల్లలు ‘వగ్జ్’ అని జవాబిచ్చారు. (‘వగ్స్’ కాదు. క్యాట్స్‌లో పలికే ‘స్’ డాగ్జ్‌లో ‘జ్’ అవుతుంది. ఇది క్లాసులో మేమూ సరిగ్గా పలికించడం లేదు, ఒప్పుకుంటాను.)

మన తెలుగు మాత్రం? ‘లు’ చేరిస్తే బహువచనం అంటాం. కానీ ఇల్లు ఇళ్లవుతుంది, కన్ను కళ్లవుతుంది, రాయి రాళ్లవుతుంది. పన్ను నోట్లో ఉంటే పళ్లు, మున్సిపాలిటీకి కట్టేదైతే పన్నులు. ఎద్దు ఎడ్లు. మనవాడు తడబడిన చోటే తెలుగూ మెలిక పెట్టింది! మూడేళ్లప్పుడు మీ పిల్లలు ‘చెయ్యిలు’ అనే ఉంటారు. మీరు నవ్వి “చేతులు కడుక్కుందాం రా” అన్నారు గానీ యాభై సార్లు రాయించలేదు. అయినా వచ్చేసింది.

ఫుట్–ఫీట్, టూత్–టీత్, మ్యాన్–మెన్, మౌస్–మైస్. ఇలా మెలిక తిరిగినవన్నీ ఇంట్లో రోజూ నలిగే పాత మాటలు. అంత వాడకం ఉండబట్టే పాత రూపం చెరిగిపోలేదు. చిల్డ్రన్ అయితే రెండుసార్లు బహువచనం చేసిన మాట. పాత ఇంగ్లీషులో అప్పటికే ‘ర’ చేరి బహువచనమైన దానికి తర్వాతివాళ్లు ‘ఎన్’ కూడా తగిలించారు, మనం ‘షూస్‌లు’ అన్నట్టే.

నా అనుభవంలో మన పిల్లలకు అసలు చిక్కు వేరే చోట ఉంది. నీళ్లు వచ్చాయి, పాలు పొంగాయి అంటాం. తెలుగులో అవి బహువచనాలు. ఇంగ్లీషులో వాటర్, మిల్క్ ఏకవచనాలు. అందుకే ‘మిల్క్ ఆర్ హాట్’ అని రాస్తారు. ఇది గైడులోని పట్టికలు బట్టీ పడితే పోయే తప్పు కాదు. పాలు పొంగేటప్పుడు వంటింట్లో మాట్లాడుకోవాల్సిన సంగతి.

“మేం తెలుగు మీడియం, మాకేం వస్తుందండీ” అని మీటింగులో చాలామంది అమ్మలు వెనక బెంచీలో కూర్చుంటారు. మీకు వచ్చిందే కావాలి. గోరు? గోళ్లు. ఊరు? ఊళ్లు. నుయ్యి? నూతులు. అన్నం పెడుతూ ఈ ఆట ఆడండి. మాటలు నియమం తప్పుతాయని పిల్లలకు భయం లేకుండా తెలుస్తుంది. ఇంగ్లీషు వచ్చిన నాన్నలు, పిల్లాడు ‘టూ ఫుట్స్’ అంటే “ఓహో, టూ ఫీటా?” అని మాట కలిపితే చాలు.

ఆ అబ్బాయి మొన్న మాచర్ల ప్రయాణం గురించి మళ్లీ పేజీన్నర రాశాడు. దారికి అడ్డంగా ‘మెనీ షీప్స్’ వచ్చాయట. ఈసారి గీయలేదు. పక్కన పెన్సిల్‌తో ‘హౌ మెనీ షీప్ డిడ్ యూ సీ?’ అని రాశాను.