మచ్చను తుడవవచ్చునా?

గత శీతకాలంలో ఒక అమావాస్య రాత్రి మేము నలుగురం టౌన్‌షిప్ దీపాల వెలుగు సోకని ఒక మిత్రుని పొలానికి వెళ్లి, కళ్లంలో కెమెరాను నిలిపి, ఓరియన్ నీహారికను చిత్రించాం. పంచాంగం చూచే మన ఇండ్లలో మృగశిర, ఆర్ద్ర నక్షత్రాల పేర్లు తెలియనివారు ఉండరు. ఆ రెండూ ఓరియన్ మండలంలోనివే. ఆ మండలం నడుమ వరుసగా కనిపించే మూడు చుక్కలకు సమీపంలో, కంటికి మసకగా తోచేదే ఈ నీహారిక. సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో అక్కడ కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. సామాను సర్దుకొని ఇల్లు చేరేసరికి పని పూర్తయిందనుకొన్నాం. నిజానికి సగమే పూర్తయింది.

ఈ నీహారికను మొదటిసారి ఫొటో తీసినవాడు అమెరికాకు చెందిన హెన్రీ డ్రేపర్. 1880లో ఒకే పలకపై దాదాపు 51 నిమిషాలసేపు కాంతిని పట్టాడు. మేము 60 సెకన్ల చొప్పున 64 చిత్రాలు తీశాం. విడిగా చూస్తే ప్రతి చిత్రంలోను నీహారిక కంటె నాయిస్, అంటే ఇసుక చల్లినట్లుండే గరుకుతనమే ఎక్కువ. నక్షత్రాలను గుర్తుగా పెట్టుకొని కంప్యూటరులో వాటిని ఒకదానిపై ఒకటి పేర్చి సగటు తీశాం. నీహారిక కాంతి అన్ని చిత్రాలలో ఒకే చోట ఉంటుంది కనుక నిలుస్తుంది. నాయిస్ ఒక్కొక్కదానిలో ఒక్కొక్క తీరుగా ఉంటుంది కనుక తగ్గుతుంది. తగ్గుదల వర్గమూలం మేరకే: 64 చిత్రాలకు ఎనిమిదవ వంతు. అందులో మరల సగం కావాలంటే 256 చిత్రాలు తీయవలసిందే. లెన్సుకు మూత పెట్టి తీసిన డార్క్ ఫ్రేములను వీటినుండి తీసివేస్తే, సెన్సార్ వేడివలన పుట్టిన తప్పుడు చుక్కలు కూడ పోతాయి.

తరువాత చీకటిలో అణగి ఉన్న కాంతిని సాగదీశాం. హైడ్రోజన్ ఎరుపు రెక్కలవలె విచ్చుకొన్నది. దానితోపాటు కుడి మూల, కొంచెం సాగిన ఉంగరం వంటి నల్లని మచ్చ బయటపడింది. ధూళి మేఘమేమోనని సంబరపడ్డాం. అయినా విడి చిత్రాలను వరుసగా వేసి చూచాం. కెమెరాను నక్షత్రాలతోపాటు త్రిప్పే యంత్రపు స్వల్ప లోపంవలన నక్షత్రాలు కొద్దికొద్దిగా జరిగాయి. మచ్చ మాత్రం కదలలేదు. ఆకాశంలోనిదైతే నక్షత్రాలతో కూడ జరగాలి కదా! అది సెన్సార్ ముందరి గాజుపై వ్రాలిన దుమ్ము నీడ.

దీనికి మందు ఫ్లాట్ ఫ్రేములు. సమంగా వెలిగే తెల్లని తలాన్ని అదే లెన్సుతో, అదే ఫోకస్‌లో తీసి, ఆ చిత్రంతో అసలు చిత్రాన్ని భాగిస్తే నీడ తొలగిపోతుంది. చలికి తొందరపడి మేము అవి తీయనేలేదు. కెమెరాను విప్పి సంచిలో పెట్టేశాం. మరల బిగించినపుడు దుమ్ము అదే చోట ఉంటుందన్న హామీ లేదు.

మాలో ఒకరి కుమార్తె తొమ్మిదో తరగతి చదువుతున్నది. “అంకుల్, బ్రష్‌తో తుడిచేస్తే ఎవరికి తెలుస్తుంది?” అని అడిగింది. నిజమే, నిమిషం పని. కాని ఆ నీడ ఎంత కాంతిని మింగిందో మాకు తెలియదు. పేర్చడం, సాగదీయడం ఉన్నదానిని పైకి తెస్తాయి. బ్రష్ లేనిదానిని చేరుస్తుంది. రాత్రి షిఫ్టులో తీయని రీడింగును ముందువెనుకల అంకెలు చూచి లాగ్‌బుక్కులో నింపితే కాగితం అందంగానే ఉంటుంది. బేరింగు వేడెక్కిన గంట అదే అయి ఉంటే?

ఆ చిత్రం ఇప్పుడు క్లబ్బు గోడపై ఉన్నది. “కుడి మూల నీడ దుమ్ముది, ఫ్లాట్ ఫ్రేములు తీయలేదు” అని క్రింద ఆ అమ్మాయి చేతనే వ్రాయించాం. వచ్చే అమావాస్యకు తానూ వస్తానన్నది. లెన్సుపై బిగించి వేకువ ఆకాశాన్ని తీయడానికి తెల్లని బనియను గుడ్డ ఒకటి ఈసారి సంచిలో అన్నిటికంటె ముందు పెట్టుకొన్నాం.