శిక్ష ఎక్కువైందంటే వినే కోర్టు, తక్కువైందంటే మన మాట వినదా?



మూడు సీజన్ల కింద మా పక్కన ఎనిమిది మంది రైతుల దగ్గర తోతాపురి కాయ తోలుకుపోయిన ఒక వ్యాపారి డబ్బు ఎగ్గొట్టాడు. అందులో నేనూ ఒకణ్ణి. కేసు పెట్టి, వాయిదాలకు తిరిగి తిరిగి, చివరికి మోసం రుజువైంది. ఆరు నెలల శిక్ష పడింది. ఇంత మోసానికి ఆరు నెలలేనా అని మేము అనుకుంటుండగానే, ఆరు నెలలు చాలా ఎక్కువని అతను అప్పీలు వేశాడు. వయసు మీదపడింది, పెళ్లి కావలసిన ఆడపిల్లలు ఉన్నారు అని రాసుకున్నాడు. శిక్ష ఆగిపోయింది, మనిషి ఇంటికొచ్చాడు. మా ఇళ్లల్లో ఆడపిల్లలు లేరా?

మేమూ అప్పీలు వేస్తామని పోతే లాయరు ఒకటే మాట చెప్పాడు: "శిక్ష తక్కువైందని అప్పీలు వేసే హక్కు మీకు లేదన్నా. అది సర్కారుకే."

ఆయన చెప్పింది నిజమే. మోసపోయినవాడికి అప్పీలు హక్కు 2009లో వచ్చింది. కానీ మూడింటికే: నిందితుణ్ణి వదిలేస్తే, చిన్న నేరం కింద శిక్షిస్తే, నష్టపరిహారం తక్కువిస్తే. శిక్ష చాలలేదన్నది అందులో లేదు. 2020లో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ మార్పు లేదు. 413వ సెక్షన్‌లో మనకు అవే మూడు. శిక్ష చాలలేదనే అప్పీలు 418వ సెక్షన్ కింద ప్రభుత్వానిదే.

పెద్ద కేసుల్లోనూ దారి ఇదే. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు, కంపెనీ లెక్కల్లో చూపిన డబ్బులో 5,040 కోట్లు అసలు లేనేలేవని తానే రాసిచ్చారు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక కోర్టు ఏడేళ్ల శిక్ష వేసింది. ఆయన అప్పీలుకు పోయారు. మే 11న శిక్ష నిలిపి బెయిలిచ్చారు. అంతకుముందు రిమాండులో రెండున్నరేళ్లకు పైగా ఉన్నారన్నదీ నిజమే. అప్పీలు ఆయన హక్కు, కాదనను. కానీ ఆ షేర్లు కొని మునిగిన చిన్న మదుపరికి, ఏడేళ్లు చాలవని అడిగే హక్కు ఒక్కనాడూ లేదు.

అప్పీలు హక్కును తీసెయ్యమని నేను అనడం లేదు. రేపు అప్పుకింద ఇచ్చిన చెక్కు బౌన్సయి మనలో ఒకడు బోనెక్కితే, శిక్ష తగ్గించమని అడగడానికి మనకూ అదే దారి. అయితే అక్కడ ఒక తేడా చూడండి. చెక్కు కేసులో శిక్షపడినవాడు అప్పీలుకు పోతే, జరిమానాలో గానీ పరిహారంలో గానీ కనీసం 20 శాతం ముందు కట్టమని కోర్టు ఆదేశించవచ్చు. 2018లో చట్టం సవరించి పెట్టిన సెక్షన్ అది. రైతును మోసం చేసినవాడి అప్పీలుకు అలాంటి నిబంధన చట్టంలో రాసి లేదు. అప్పు పడ్డవాడికి ఉన్న కట్టడి మోసగాడికి ఎందుకు లేదు?

అందుకే మన సంఘం రెండు అడగాలి. శిక్ష చాలలేదని అప్పీలు వేసే హక్కు బాధితుడికీ ఇవ్వాలి. పంట డబ్బు ఎగ్గొట్టి శిక్షపడినవాడు అప్పీలుకు పోతే, ఎగ్గొట్టినదాంట్లో కొంతయినా ముందు కోర్టులో కట్టించాలి.

చట్టం మారేదాకా చేతులు కట్టుకోనక్కరలేదు. తీర్పుకు ముందే సర్కారు వకీలు ద్వారా 395వ సెక్షన్ కింద నష్టపరిహారం అడగండి. తక్కువిస్తే దాని మీద అప్పీలు మన హక్కే. శిక్ష చాలలేదనిపిస్తే, సర్కారు అప్పీలు వెయ్యాలని వకీలుకు, కలెక్టరుకు అర్జీ పెట్టండి. మేజిస్ట్రేటు తీర్పయితే సెషన్స్ కోర్టులో అప్పీలుకు గడువు 30 రోజులే. మేము తెలియక ఆ నెల పోగొట్టుకున్నాం. మీరు పోగొట్టుకోవద్దు. తీర్పు వచ్చిన రోజే సంఘానికి చెప్పండి, అర్జీ అందరం కలిసి రాద్దాం.

— కార్వేటినగరం మండల రైతు కార్యకర్త