వెలుఁగునీడల దిద్దుబాటు – మూలప్రతి రక్షణము

వార్షిక సంచికకై ఛాయాచిత్రములను సిద్ధముచేయు పని కొన్నియేండ్లుగా మా వంతునకు వచ్చుచున్నది. అందు మేము చేసిన తప్పు నొకదానిని ముందుగాఁ జెప్పి, పిదప మా యభిప్రాయమును చదువరుల యెదుట నుంచెదము.

మన గోలేటి పాఠశాలలో చిరకాలము గంట కొట్టిన వృద్ధునిఁ దీసిన ఫొటోలో, వేపచెట్టు నీడవలన ముఖము చీఁకటిగాను, వెనుక మట్టిగుట్టలమీఁది యాకాశము మిక్కిలి తెల్లగాను పడెను. కంప్యూటరులో వెలుఁగు పెంచితిమి. ముఖము తేటపడెను గాని, అంగీ మడతలన్నియు మాసి తెల్లకాగితమువలె నాయెను. దానినే పాతదానిపై సేవ్ చేసితిమి. ఏఁడాది తిరుగకమునుపే యాయన గతించెను. పటము కట్టించుటకై కుమారుఁడు వచ్చి, “సారూ, ఆ అంగీ మా అవ్వ కుట్టింది, అది మంచిగ కనపడాలె” అనెను. మాకు నోట మాట రాలేదు.

అట్లేల జరిగెనో విద్యార్థులు లెక్కగాఁ దెలిసికొనవచ్చును. సాధారణమైన జేపెగ్ చిత్రములో నొక్కొక్క రంగునకు 0 మొదలు 255 వఱకు మెట్లు కలవు. 240, 250 అను రెండు ఛాయలకు 20 చొప్పునఁ గలిపినచో రెండును 255 యొద్దనే యాగును. మరల 20 తీసివేసిన రెండును 235 యగును. నడుమనున్న భేదము పోయినది పోయినట్లే.

ఈ నష్టము లేని పద్ధతి క్రొత్తది కాదు. 1996లో వెలువడిన ఫొటోషాప్ 4.0లోనే అడ్జస్ట్‌మెంట్ లేయరు వచ్చెను. చిత్రము క్రింద నట్లే యుండును. దిద్దుబాటు పైపొరలో నొక యాజ్ఞగా మాత్రమే నిలుచును. మాస్కు వేసి, నల్లరంగుతో నంగీ భాగమును కప్పినచో, వెలుఁగు ముఖమునకే చేరును. 2007లో వచ్చిన లైట్‌రూమ్‌లోను మూలచిత్రము మారదు. 2025లో వెలువడిన గింప్ 3.0 ఉచితముగా దొరకుచుండఁగా ఖర్చను సాకు చెల్లదు. ఫైలు పెద్దదగునని కొందఱందురు, అగుఁగాక.

హైదరాబాదున ఆఱవ నిజాము కొలువులోఁ బేరొందిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజు నెగటివులు వేలకొలఁది నేఁటికిని ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున నున్నవి. చీఁకటిగదిలో చేయి యడ్డుపెట్టి ప్రింటులో వెలుఁగునీడలు సవరించుట యాకాలపు పనివారికిఁ దెలిసిన విద్యయే. ప్రింటు చెడిన మఱియొకటి వేయుదురు, నెగటివు పదిలము. నెగటివుపైననే పెన్సిలు నడపినవారును లేకపోలేదు. వారు మా కోవవారు.

అయితే మూలము నిలిచియున్నంతమాత్రమున నేమి చేసినను తగునని మా మతము కాదు. “మా పిల్ల ముఖము కొంచెము తెలుపు చేయుఁడు” అని కోరు తల్లిదండ్రులు కలరు. నీడలోని ముఖమును కనఁబడఁజేయుట వేఱు, దాని రంగు మార్చుట వేఱు. కంప్యూటరులోని పొరను తీసివేయవచ్చును గాని, అచ్చై యింటింటికిఁ జేరిన సంచికనుండి దానిని తీయువా రెవరు? ఆ పిల్ల చూచుకొనునది యా పుటనే గదా. ఈ కోరికను మేము మన్నింపము.

ఫొటోలు పంపువారు వాట్సాప్‌లో మామూలుగా పంపినచో నవి కుదింపఁబడును గనుక, డాక్యుమెంటుగాఁ బంపవలెను. మఱియొక మనవి. గంట కొట్టిన యా పెద్దాయన కనఁబడు ఫొటో, ఏ వీడ్కోలు సభలోనిదైనను, క్రిస్మసు నాటకమునాఁటిదైనను, ఎవరి యింటనైన నున్నయెడల మాకుఁ దెచ్చి చూపఁ గోరుచున్నాము.